రోజుకొక గోలి

కలిపిన అన్నం కలిపినట్టే వదిలేసి ఉమాకాంత్ కంచంలో చేయి కడిగాడు. అతను అలా చేశాడంటే ఆ పూటకు తనతో ఎవరూ మాట్లాడకూడదని అర్థం. పెళ్లయిన నాటి నుంచి రాజశ్రీ ఆ అర్థానికి లోబడే నడుచుకుంది.

ఆ పొద్దున లోబడలేదు.

“ఆ ఫ్లెక్సీ మీదికెళ్లి నా ఫోటో తీసెయ్యి,” అన్నది, వంటింటి గుమ్మాన్ని పట్టుకుని నిలబడి.

ఉమాకాంత్ తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు. భార్య వైపు చూడలేదు. గోడవారగా నడుమెత్తు పేర్చిన అట్టపెట్టెల వైపు చూశాడు. ప్రతి పెట్టె మీదా గులాబీ రంగులో ‘నారీ గోల్డ్’ అని పెద్ద అక్షరాలు. కింద చిన్న అక్షరాల్లో, ‘మహిళలకు రోజుకొక మల్టీవిటమిన్’. వరంగల్ మొత్తానికి ఆ మందు ఏజెన్సీ ఇప్పుడు అతనిది. అది దొరికిన రోజు శాలువా కప్పించుకుని ఫోటో దిగాడు. కప్పింది అతని బావమరిది, శాలువా కొన్నది మాత్రం ఉమాకాంతే.

“నిన్న తీసిన ఇజ్జత్ సాల్లేదట, అమ్మా,” అన్నాడు తల్లి యాదవ్వతో. భార్యతో అనవలసిన మాటలు తల్లితో అనడం అతనికి అలవాటు.

నిన్న జరిగింది పెద్ద విషయమేమీ కాదు. పోచమ్మ మైదాన్‌లోని అతని మందుల షాపుకు సాయంత్రం సబియా వచ్చింది. కొత్తవాడలో వీళ్ల ఇంటి వెనక సందులో ఉంటుంది, పెళ్లయి ఏడాది దాటింది. నారీ గోల్డ్ డబ్బా ఒకటి కావాలని అడిగింది. ఉమాకాంత్ డబ్బా తీసి ఆమె చేతికిచ్చి, షాపు నెత్తిన కట్టిన ఫ్లెక్సీ చూడమన్నాడు. అందులో రాజశ్రీ స్టూడియో లైట్ల కింద పట్టుచీరలో నవ్వుతోంది. పక్కన, ‘నా ఆరోగ్య రహస్యం ఇదే’ అని అచ్చు. మా ఇంటామె రోజూ ఇదే వేసుకుంటుంది అని ఉమాకాంత్ గర్వంగా చెప్పాడు.

సబియా ఫోటో చూసింది. తర్వాత కౌంటర్ వెనక స్టూలు మీద, నిలబడలేక కూర్చున్న రాజశ్రీని చూసింది. ఆ పిల్ల కళ్లలో ఏమీ లేదు, రెంటినీ పోల్చుకోవడం తప్ప.

“దండుగ, సబియా. కొనకు,” అన్నది రాజశ్రీ. “నేను యాడాది సంది మింగుతాన్న. మెట్లెక్కుతాంటే కండ్లు తిరుగుతానై.”

సబియా డబ్బాను మెల్లగా కౌంటర్ మీద పెట్టేసి వెళ్లిపోయింది. ఆమె వెనక నిలబడిన ఇద్దరు ఆడవాళ్లు కూడా ఏదో గుర్తొచ్చినట్టు వెళ్లిపోయారు. ఉమాకాంత్ ఆ పూట పెందలాడే షట్టర్ దించాడు.

ఇప్పుడు ఆ కోపమంతా బయటికి వచ్చింది. తాను గడ్డం మొలిచిన నాటి నుంచి డాక్టర్ల చీటీలు చదువుతున్నానని, హన్మకొండలో ఏ డాక్టర్ ఏ మందు ఎందుకు రాస్తాడో ఆ డాక్టర్లకంటే తనకే ఎక్కువ తెలుసునని చెప్పాడు. నర్సంపేటలో బీఏ చదివి, ఆ చదువును తాలింపుల్లో వేసిన మనిషి తన గిరాకికి సలహాలివ్వడమేమిటని అడిగాడు. అడిగింది మళ్లీ తల్లినే.

యాదవ్వ దివాన్ మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. కొడుకు మాటకు తల ఊపింది. చిన్నప్పటి నుంచి మగ్గం మీద బతికిన మనిషి. తాను ఎంత పని చేసిందో ఎదుటివాళ్లు ఎంత చేయలేదో ఆమెకు వేర్వేరు సంగతులు కావు.

“జంపఖానాలు నేసేటప్పుడు వీడు కడుపుల ఉండె,” అన్నది కొడుకును చూపిస్తూ. “నొప్పులొచ్చేదాక మగ్గం గుంతలకెళ్లి లేవలే. గోలి అంటె ఎట్లుంటదో ఎర్గ. ఇప్పటోళ్లకు కూసుంటె నీరసం, లేస్తె నీరసం.”

“ఆడోళ్లకు నీరసం రోగం గాదమ్మా, అలవాటు,” అన్నాడు ఉమాకాంత్. తన మాట తనకే నచ్చి చిన్నగా నవ్వాడు.

రాజశ్రీ గుమ్మాన్ని వదల్లేదు. వదిలితే పడిపోతానేమోనని ఆమె భయం. ఈ సంగతి చెప్పడానికి మంచి సమయం కోసం ఆమె చాలా రోజులు చూసింది. ఆ ఇంట్లో ఆడదాని ఒంటి సంగతికి మంచి సమయమంటూ ఒకటి ఉంటుందని అనుకోవడమే తన పొరపాటని ఇప్పుడు తెలిసింది.

“ఇయ్యాల నన్ను దవాఖానకు తోల్కపో,” అన్నది.

“దేనికి?”

“యాడాది సంది ముట్టు ఎక్కువైతాంది, ఇప్పుడు బంద్ అయితలేదు. పోయిన నెల మొదలైంది, ఇంకా అయితనే ఉన్నది.”

ఉమాకాంత్‌కు అర్థమయ్యింది. ముఖం చిట్లించాడు. అందులో భయం లేదు, జాలి లేదు. తినే కంచం పక్కన ఏదో అసహ్యమైనది కనిపించినప్పుడు పెట్టే ముఖం అది.

“గిసొంటి ముచ్చట్లు అన్నం కాడ మాట్లాడుతరా?” అన్నాడు.

యాదవ్వ చేతిలో చిక్కుడుకాయ ఒక క్షణం ఆగింది. ఆమె ఏదో అంటుందని రాజశ్రీ అనుకుంది. యాదవ్వ మాత్రం ఈనె తీసి పక్కన పడేసి ఇంకో కాయ అందుకుంది.

ఉమాకాంత్ పైపెట్టెకు అతికిన టేపును బండి తాళంతో కోసి, ఒక డబ్బా తీసి టేబుల్ మీద పెట్టాడు. రోజుకు ఒకటి బదులు రెండు వేసుకోమని, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటే వారంలో మనిషి అవుతావని చెప్పాడు. హెల్మెట్ పెట్టుకున్నాడు. ఫ్లెక్సీ సంగతి మాట్లాడనే లేదు.

బండి చప్పుడు సందు దాటింది.

*

ఆ డబ్బా మొదటిసారి ఇంటికొచ్చిన రోజు రాజశ్రీకి బాగా గుర్తు. ఉమాకాంత్ పొద్దున్నే గ్లాసుతో నీళ్లు, అరచేతిలో ఎర్రటి గోలి తెచ్చి తానే ఇచ్చాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో అతను ఆమెకు గ్లాసెడు నీళ్లు అందించడం అదే మొదలు. ఆ నీళ్ల కోసమే ఆమె ఆ గోలి మింగింది. మూడో రోజు నుంచి నీళ్లు తానే తెచ్చుకోవలసి వచ్చింది. గోలి మాత్రం మానలేదు.

దానివల్ల కనిపించిన మార్పు ఒక్కటే, మూత్రం పసుపు కలిపినంత పచ్చగా మారడం. అదేమిటని అడిగితే మందు పనిచేస్తున్నట్టు లెక్క అన్నాడు ఉమాకాంత్. ఏడాది పాటు ఆమె ఆ పచ్చదనాన్ని ఆరోగ్యం అనుకుని గౌరవించింది.

బట్టలు ఆరేయడానికి మేడ మీదికి బయలుదేరి సగం మెట్ల మీదే కూర్చుండిపోయింది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. కాలేజీకి వెళ్లబోతున్న కూతురు మహిత తల్లి పక్కనే మెట్టు మీద చతికిలబడింది. తడిబట్టల బకెట్ ఇద్దరి మధ్యా ఉంది.

తల్లి కొంగుముడిలో బియ్యం చూసింది మహిత. కొన్ని నెలలుగా రాజశ్రీకి పచ్చి బియ్యం నమలాలని ఒకటే కోరిక. యాదవ్వ అది చూసి కడుపుతో ఉన్నదాని లెక్క ఈ బుక్కుడేమిటని నలుగురిలో నవ్వింది. అప్పటి నుంచి ఆమె దాచుకుని తింటోంది.

“అమ్మా, గిట్ల బియ్యం తినబుద్ధయితె ఒంట్ల రక్తం తక్కువున్నట్టు కావచ్చు. నేను సదివిన,” అన్నది మహిత. ఫోన్ తీసి తల్లికి చూపించింది. ఈ రోజువారీ గోలీల గురించి ఆమె నిన్నటి నుంచి వెతుకుతోంది. ఆడవాళ్లకు ఇది లేనిదే బతుకు లేదని కొందరంటున్నారు. వాళ్లంతా దాన్ని అమ్ముతున్నవాళ్లే. కొందరు అది ఖరీదైన మూత్రం తప్ప ఇంకేమీ కాదంటున్నారు. మంచిగా తినేవాళ్లకు పెద్దగా అక్కర్లేదని, ఏదైనా లోటుంటే ఆ లోటేదో పరీక్ష చేసి దానికే మందు వేసుకోవాలని ఇంకొందరు రాశారు.

“మరి వేసుకోవాల్నా, వద్దా?” అని అడిగింది రాజశ్రీ.

“నీకేమైందో తెలిస్తె కదా చెప్పేది. ఇంట్ల మందుల దుకాణం పెట్టుకొని, నీ చెయ్యి పట్టుకొని చూసినోళ్లు ఒక్కరు లేరు.” మహిత గొంతులో తండ్రి మీది ఏవగింపు ఏ దాపరికమూ లేకుండా ఉంది. అందులో తల్లికి కూడా కొంత వాటా ఉందని రాజశ్రీకి తెలుసు. ఇన్నాళ్లు నోరు మూసుకున్నందుకు.

ఆమె బకెట్‌ను అక్కడే వదిలి కిందికి దిగింది. చీర మార్చుకుంది. దవాఖానకు పోతున్నానని యాదవ్వతో చెప్పింది. అడగలేదు, చెప్పింది.

యాదవ్వ కోడలిని పైనుంచి కిందికి చూసింది. చిక్కుళ్ల గిన్నె పక్కన పెట్టి, మోకాళ్ల మీద చేతులాన్చి లేచింది.

“పా, నేను సుత వస్త,” అన్నది. “ఆ డాక్టరమ్మ ఎట్ల ముంచుతదో నా కండ్లతోని చూస్త. నువ్వొక్కదానివి పోతె ఇల్లు రాసిచ్చి వస్తవ్.”

*

ఆటో ములుగు రోడ్డు దాటేదాకా యాదవ్వ నోరు ఆగలేదు. పెద్ద దవాఖానాల అద్దాల తలుపులను, వాటి ముందు చెప్పులు విడిచి నిలబడ్డ ఊళ్ల జనాన్ని చూపించి, వీళ్లంతా జలుబుకు పొలాలు అమ్ముకునే రకమని అన్నది. తన ఈడు ఆడవాళ్లు ఎట్లా బతికారో, ఎవరెవరు ఏ రోగంతో ఏ మందూ లేకుండా లేచి తిరిగారో చెప్పుకొచ్చింది. వాళ్లలో చాలామంది పోయి చాలాకాలమైందని రాజశ్రీకి అనాలనిపించింది.

హన్మకొండలో డాక్టర్ రమ నడిపేది చిన్న దవాఖాన. ఆమె తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడినవి తీయగా ఉండవు. రాజశ్రీ కనురెప్ప కిందికి లాగి చూసింది, గోళ్లు చూసింది, రెండు ప్రశ్నలడిగింది. రక్తం తీయించి రమ్మన్నది.

రిపోర్టు వచ్చేదాకా అత్తాకోడళ్లు బెంచీ మీద కూర్చున్నారు. ఇద్దరి మధ్య ఇంకో మనిషి కూర్చునేంత ఖాళీ. యాదవ్వ తన సంచీని ఆ ఖాళీలో పెట్టింది.

రిపోర్టు చూసి డాక్టర్ రమ కళ్లద్దాలు తీసింది. హిమోగ్లోబిన్ ఏడు దగ్గర ఉందని, ఇంత తక్కువతో మెట్లెక్కడమే సాహసమని చెప్పింది. ఇన్నాళ్లు ఏం వాడుతున్నావని అడిగింది. రాజశ్రీ సంచిలోంచి నారీ గోల్డ్ డబ్బా తీసి టేబుల్ మీద పెట్టింది.

“గిది వేసుకుంటె లాభమున్నదా మేడం, లేదా? గదొక్కటి చెప్పున్రి.”

డాక్టర్ డబ్బా తిప్పి వెనకాల అచ్చు చదివింది. చదువుతున్నంతసేపూ ఆమె పెదవి ఒకవైపు వంగే ఉంది.

“విషం గాదు. మందు గూడ గాదు,” అన్నది. “మంచిగ తినే మనిషికి దీంతోని పెద్దగ ఒరిగేదేం లేదు. తిండి సరిగ లేనోళ్లకు కొంత ఆసరా. కాని నువ్వడగాల్సింది ఇది కాదమ్మా. ఒంట్ల రక్తం ఎటు పోతాందని యాడాది కిందనే అడగాల్సి ఉండె.”

తర్వాత వివరంగా చెప్పింది. ఇందులో ఉన్న ఇనుము చిటికెడు. అదే గోలిలో కాల్షియం కూడా ఉండటంతో ఆ చిటికెడు కూడా పూర్తిగా ఒంటికి పట్టదు. దాని వెనకే చాయ్ తాగితే ఇంకా తగ్గుతుంది. రాజశ్రీ రోజూ గోలి మింగి చాయ్ తాగేది. ఉమాకాంత్ చెప్పినట్టు రెండు వేసుకున్నా పోయే రక్తం ముందు అది ఏ మూలకూ చాలదు, పైగా ఇలాంటివి ఇష్టం వచ్చినట్టు పెంచి మింగకూడదు. ముందు స్కానింగ్ చేసి గర్భసంచిలో గడ్డలున్నాయో లేదో చూడాలి. ఇనుము విడిగా ఇవ్వాలి, అవసరమైతే సూదుల ద్వారా. రక్తం పోవడం ఆపాలి.

రాజశ్రీకి ఏడుపు రాలేదు. ఒళ్లంతా చల్లని కోపం పాకింది. ఏడాది పాటు ఆమె మింగింది మందు కాదు, మొగుడి నిర్లక్ష్యాన్ని. దానికతను గులాబీ రంగు డబ్బా కట్టి ఇచ్చాడు, ఆమె ఫోటోతోనే ఊరికి అమ్మాడు. తాను ఎంత తేలికగా మోసపోయిందో తలచుకుంటే అతనికంటే తన మీదే ఎక్కువ అసహ్యం వేసింది.

కనీసం ఒక్కదాన్నైనా కాపాడానన్న తృప్తి కోసం, నిన్న ఒక అమ్మాయిని ఈ డబ్బా కొనకుండా ఆపానని డాక్టర్‌తో చెప్పింది. ఆ మాటలో గర్వం దాగలేదు.

ఆ అమ్మాయి దేనికోసం అడిగిందని డాక్టర్ ప్రశ్నించింది.

రాజశ్రీ ఆలోచించింది. సబియా పిల్లల కోసం చూస్తోందని వీధంతా తెలుసు. ఆమె అత్త మాటిమాటికీ ఆ సంగతే ఎత్తుతుంది. అదే చెప్పింది.

డాక్టర్ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని ఆమెను చూసింది.

“గర్భం కోసం చూసే పిల్లకు ఫోలిక్ యాసిడ్ కావాలె. నెల తప్పకముందు సంది వేసుకోవాలె, పుట్టే బిడ్డ వెన్నుకు మంచిది. గీ డబ్బా అక్కర లేదు, ఒక్క చిన్న గోలి చాలు. సర్కారు దవాఖానల అడిగితె ఇస్తరు. నువ్వు ఇదేది తెల్వకుంట వద్దంటివి. మీ ఆయన తెల్వకుంట ఇస్తాండు, నువ్వు తెల్వకుంట ఆపుతానవ్. మీ ఇద్దరికి ఫరక్ ఏమున్నది?”

రాజశ్రీ ముఖంలోకి ఉన్న కాస్త రక్తమూ వచ్చి చేరింది. పొద్దున్నుంచి తాను ఉమాకాంత్ కంటే ఒక మెట్టు పైన నిలబడి మాట్లాడుతున్నానని అనుకుంది. ఆ మెట్టు కాస్తా జారిపోయింది.

యాదవ్వ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. నవ్వుతుందేమోనని రాజశ్రీ అటు చూసింది. ఆమె నవ్వడం లేదు. డబ్బా వైపే చూస్తోంది.

రాజశ్రీ బయటికి వచ్చి సబియాకు ఫోన్ చేసింది. తాను చెప్పింది సగమే నిజమని, ఫోలిక్ యాసిడ్ గోలి వేసుకోవాలని, ముందు డాక్టర్‌ను కలవమని, కావాలంటే తోడు వస్తానని చెప్పింది.

“నిన్న వద్దంటివి, ఇయ్యాల వేసుకో అంటానవ్,” అన్నది సబియా. గొంతు మర్యాదగానే ఉంది. “అన్న ఒకటి చెప్తడు, నువ్వొకటి చెప్తవు. మీ ఇంట్ల లొల్లి మీరు తెంపుకొని చెప్పున్రి, అక్కా. నేను మా అమ్మను అడుగుత.”

ఫోన్ పెట్టేసింది. రాజశ్రీకి ఆ పిల్ల అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

స్కానింగ్ చీటీ కోసం లోపలికి వెళ్లింది. రోగి కూర్చునే స్టూలు మీద ఇప్పుడు యాదవ్వ కూర్చుని ఉంది.

డాక్టర్ చేతిలో పెన్ను లేదు. రెండు చేతులూ టేబుల్ మీద పెట్టి, ముందుకు వంగి వింటోంది.

“ముట్లు ఆగి ఎన్నేండ్లయింది పెద్దమ్మా?”

“నా కోడలి బిడ్డ పుట్టకముందే ఆగినై. మల్ల బతుకమ్మ పండుగకు మొదలైంది. ఆగుతది, మల్ల అయితది. ఇప్పుడు వాసన సుత వస్తాంది.”

రాజశ్రీ తలుపు దగ్గరే ఆగిపోయింది.

కొన్ని నెలలుగా అత్త అందరికంటే ముందు లేచి స్నానం చేయడం, తన చీరలు తానే ఉతుక్కోవడం ఆమె చూస్తూనే ఉంది. ముసలితనంలో వచ్చిన మడి అనుకుంది. మనసులో నవ్వుకుంది కూడా.

ఎవరికైనా చెప్పావా అని డాక్టర్ అడిగింది.

“కొడుక్కు చెప్పిన. గిదంత చెప్పలే, కొడుక్కు ఎట్ల చెప్త? నడుం గుంజుతాంది, శాతనైతలేదు అన్న.” యాదవ్వ టేబుల్ మీది డబ్బాను వేలితో ముట్టుకుంది. “గివే ఇచ్చిండు.”

“మీరు వేసుకుంటాన్రా అత్తమ్మా?” అన్నది రాజశ్రీ. ఆ ప్రశ్న తన నోటి నుంచే వచ్చిందని ఆమెకు ఆలస్యంగా తెలిసింది.

యాదవ్వ వెనక్కి తిరగలేదు.

“మరేం చెయ్యాలె? రోజూ వేసుకుంటాన్న. నువ్వు సూడనప్పుడు.”

రాజశ్రీకి ముందు వచ్చింది జాలి కాదు. గోలి అంటే ఎరగనని పొద్దున నలుగురూ వినేలా చెప్పిన గొంతు, తన నీరసాన్ని నాటకమని వెక్కిరించిన గొంతు, బియ్యం బుక్కితే నవ్విన గొంతు ఒక్కసారిగా చెవుల్లో మోగింది. ఆ ముసలి భుజాలు పట్టుకుని కుదిపేయాలనిపించింది. మరుక్షణం ఆ భుజాలు ఎంత చిన్నవయ్యాయో కంటబడింది. జాకెట్టు వదులై వేలాడుతోంది. ఎప్పటి నుంచి ఇలా ఉందో, ఒకే ఇంట్లో ఉంటూ తాను చూడనే లేదు.

డాక్టర్ యాదవ్వను తెర వెనకకు తీసుకెళ్లింది. చాలాసేపటికి ఒక్కతే బయటికి వచ్చింది. చేతులు కడుక్కుంటూ, గొంతు తగ్గించి మాట్లాడింది. ఈ వయసులో మళ్లీ రక్తం కనబడితే ఒక్కరోజు కూడా ఊరుకోకూడదన్నది. ఏమీ కాకపోవచ్చు, కావచ్చు కూడా. లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితే గాని తేలదు. రేపు పొద్దున్నే ఏమీ తినకుండా తీసుకురమ్మన్నది. ఇంట్లో వాళ్లకు ఈ రోజే చెప్పమన్నది.

“నీ రోగానికి టైమున్నది,” అన్నది డాక్టర్ రమ. ఈసారి ఆమె పెదవి వంగలేదు. “ఆమెదానికి ఉన్నదో లేదో నేను ఇప్పుడు చెప్పలేను.”

*

మళ్లీ అదే బెంచీ. ఈసారి సంచి యాదవ్వ ఒడిలో ఉంది. ఇద్దరి భుజాలూ తగులుతున్నాయి.

“వానికి చెప్పకు,” అన్నది యాదవ్వ.

రేపు దాచి ఎట్లా తీసుకురావాలని రాజశ్రీ అడిగింది. నీ స్కానింగ్‌కు తోడు వస్తున్నానని చెబుదామని యాదవ్వ అన్నది. అప్పటికే ఆలోచించి పెట్టుకుంది.

“ఎల్లకాలం దాగుతదా అత్తమ్మా?”

“పొద్దుగాల అన్నం కాడ నిన్నేమన్నడో విన్న. పెండ్లాంవి కాబట్టి నువ్వు పడ్డవ్. నేను కన్నతల్లిని. నా కొడుకు నన్ను సూసి గా మొఖం పెడితె నేను ఇంట్ల ఉండలేను.”

రాజశ్రీ ఆమె వైపు తిరిగింది. అత్త తనతో ఇంత సూటిగా, వెక్కిరింపు లేకుండా మాట్లాడటం ఇదే మొదటిసారి. దానికి ఇలాంటి రోజు రావలసి వచ్చింది.

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడయింది. హెల్మెట్ చంకలో పెట్టుకుని ఉమాకాంత్ వచ్చాడు. రాజశ్రీ రిపోర్టు సంగతి ఆమె నుంచే ఫోనులో విన్న మహిత, తండ్రికి ఫోన్ చేసి గట్టిగా నాలుగు మాటలు అన్నదట. దుకాణం పనివాడికి అప్పగించి వచ్చానని, వచ్చేసరికి ఇద్దరూ ఇక్కడ పేరంటానికి వచ్చినట్టు కూర్చున్నారని అన్నాడు.

రాజశ్రీ చేతిలోని రిపోర్టు లాక్కుని చదివాడు. ఏడు అన్న అంకె దగ్గర అతని కనుబొమలు కొంచెం కదిలాయి. అంతే. మిషిన్లు తప్పు చూపిస్తాయన్నాడు. ఇలాంటి చిన్న దవాఖానల్లో మరీ ఎక్కువ తప్పు చూపిస్తాయన్నాడు. అయినా స్కానింగ్ దాకా తెచ్చిందంటే డాక్టరమ్మ గట్టిదేనని మెచ్చుకున్నాడు. ఎదురు బెంచీ మీద తెలియని మనిషి ఒకాయన కూర్చుని ఉంటే, వినేవాడు దొరికాడని అటు తిరిగాడు.

“ఆడోళ్లకు గింతంతకు దవాఖాన గావాలె, సార్. మా అమ్మను చూడున్రి. మగ్గం మీద బతికిన మనిషి. ఇన్నేండ్లల్ల ఒక్కనాడన్న దవాఖాన మెట్లెక్కిందా అడుగున్రి.”

ఎదుటి మనిషి మర్యాదకు నవ్వాడు.

యాదవ్వ నవ్వలేదు. ఆమె వేళ్లు కోడలి ముంజేతిని పట్టుకున్నాయి. అంత బక్కచిక్కిన చేతిలో అంత బలం ఎక్కడిదో.

రాజశ్రీ తలెత్తి మొగుణ్ణి చూసింది. అతను రెండో మాట కోసం నోరు తెరిచాడు. అది కూడా తల్లిని పొగిడే మాటే. ఇంకొక్క మాట అతను అంటే తాను భరించలేనని ఆమెకు అర్థమైంది. తన కోసం కాదు.

అత్త వేళ్లను ఒక్కొక్కటే విడదీసింది.

“కూసో,” అన్నది అతనితో. “డాక్టరమ్మ నీతోని మాట్లాడాలె. నా ముచ్చట గాదు.”

“మరెవలి ముచ్చట?” అన్నాడు ఉమాకాంత్, ఇంకా నవ్వుతూనే.

రాజశ్రీ జవాబు చెప్పేలోపే యాదవ్వ బెంచీ మీది నుంచి లేచింది. సంచి ఒడిలోంచి జారి కింద పడింది. ఆమె దాన్ని తీసుకోలేదు. కొడుకు పక్క నుంచి, అతని ముఖం చూడకుండా, గోడ పట్టుకుని మెట్ల వైపు నడిచింది.